ముప్పై ఎనిమిదో నిమిషం

ఆసుపత్రి, రెండో అంతస్తు, తొమ్మిదో మంచం పక్కన
మార్చి 3

అన్నయ్యా,

క్షేమమేనా అని నేనడగను, నువ్వూ అడగొద్దు. మీ బావ పడిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పొద్దున్నే బడికి బయల్దేరుతూ బూటు లేసు కట్టుకోడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదు. మెదడులో నెత్తురు గడ్డ కట్టిందన్నారు. నీకు నాలుగుసార్లు ఫోను చేశాను. లాండ్రీలో ఎవరో ఎత్తి, "ఆయన ఇస్త్రీ మిషను దగ్గరున్నాడమ్మా, చెబుతాంలే" అంటారు. ఇన్ని రోజులుగా ఏ రాజ్యం దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నావు నాయనా? ఫోనుకి దొరకవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని ఎవరూ మిషను దగ్గరుందని చెప్పలేరు కదా.

కుడి పక్క మొత్తం పోయింది. మాట లేదు. కళ్లు తెరుస్తాడు గానీ నా వైపు తిప్పడు. ముక్కులో గొట్టంతో తిండి పోస్తున్నారు. ఊపిరి మాత్రం తనే తీసుకుంటున్నాడు, అదీ ఎంతకాలమో తెలీదు. ఇప్పటికే రెండుసార్లు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఈసారి ఊపిరాడకపోతే గొంతులోకి గొట్టం దించి మిషను మీద పెట్టాలా వద్దా, నన్ను రాసిమ్మంటున్నాడు డాక్టరు. "మనిషి లోపల లేడమ్మా, ఉన్నది ఒళ్లే" అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్లాడు. 

కానీ అన్నయ్యా, ఎడమ చెయ్యి కదులుతోంది. నేను ఒకసారి నొక్కితే ఆయన రెండుసార్లు నొక్కుతాడు. నేను ఇంకోసారి నొక్కబోతే ఆ వేళ్లు ఇంకా ఎక్కువ ఎగురుతాయి. డాక్టరుకి చూపించాను. ఆయన చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి నొక్కండి" అన్నాడు. మీ బావ రెండుసార్లు నొక్కాడు. "చూశారా, చెప్పినట్టు చెయ్యటం లేదు. నరాలు వాటంతటవే ఎగురుతున్నాయి" అన్నాడు. కావచ్చు. ఆయన చదువుకున్నవాడు, నేను బడిపిల్లల చొక్కాలు కుట్టుకునేదాన్ని.

ఆ చెయ్యి నీకంటే తెలిసినవాడు లోకంలో ఎవడున్నాడు? పదకొండేళ్లు మీరిద్దరూ గోదాలో కొట్టుకున్నారు. గెలుపోటములు ముందే అనుకుని ఆడే ఆటే అనుకో, చూసేవాళ్లకి మాత్రం ఆయన ముత్యం, నువ్వు కొరివి. ఆయన్ని పిల్లలు భుజాన ఎక్కించుకోమనేవాళ్లు, తల్లులు నిన్ను చూపించి భయపెట్టి అన్నం తినిపించేవాళ్లు. ఆ పగ నిజమని జనం నమ్మాలి కాబట్టి నా పెళ్లికి కూడా నువ్వు ముందురోజే తలకి తువ్వాలు చుట్టుకుని వంటింటి గుమ్మంలోంచి వచ్చి, నిలబడి రెండు ముద్దలు తిని పోయావు. గోదాలో నోరు మెదపకుండా చేతులతో మాట్లాడుకుంటామనేవారు మీరిద్దరూ. ఏం మాట్లాడుకునేవారో అడిగితే పని రహస్యం అని నవ్వేవారు. ఇప్పుడు నాకు ఆ రహస్యం కావాలి. ఒక్కసారి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, ఆయన లోపల ఉన్నాడో లేడో చెప్పి వెళ్లు. నేను ఇంకేమీ అడగను.

ఇక్కడో నర్సమ్మ ఉంది. వాళ్ల నాన్న మీ పెద్ద ఆట వీడియో క్యాసెట్టు దాచుకున్నాడట. మధ్యాహ్నం వార్డు టీవీలో పెడుతోంది. ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్లీ ఆ ఆట చూస్తున్నాను. నువ్వొచ్చే వరకు దాన్నే చూస్తుంటాను.

నీ చెల్లెలు

*

లాండ్రీ వెనక గది
మార్చి 19

చెల్లాయ్,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఇక్కడ ఇద్దరు పని మానేశారు, దుప్పట్లన్నీ నా నెత్తినే పడ్డాయి. వచ్చే నెల చూస్తాను.

ఆ క్యాసెట్టు ఇంకా బతికే ఉందా! ఆ రేకుల షెడ్డులో జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు, గుర్తుందా? నేను లోపలికొస్తుంటే ఒక ముసలమ్మ గొడుగుతో వీపు మీద బాదింది. ఎవరో చెప్పు విసిరారు. చూస్తే కొత్తది. "రెండోది ఎవడేస్తాడ్రా!" అని గోదాలోంచి అరిచాను. వేశారు. ఆర్నెల్లు తొడుక్కున్నాను.

మొదటి పది నిమిషాలు ఒకర్నొకరు ముట్టుకోనేలేదు. చుట్టూ తిరగడమే. జనం ఊరుకుంటారా, విసుక్కుని ఈలలేశారు. బావ అన్నాడు కదా, పెదవి కదపకుండా, "ఇంకో రెండు నిమిషాలు ఆకలితో ఉంచుదాం బావా" అని. అంత ఓపిక ఇంకెవరికీ లేదు. ఇరవయ్యో నిమిషంలో నేను మోకాలు పట్టి మెలిపెట్టాను. చూసేవాళ్లకి ఎముక విరిగిందనిపించాలి, బావకి చక్కిలిగిలి కూడా పెట్టకూడదు. అది మా పనితనం. బావ కుంటుతూ లేచిన తీరుకి ముందు వరసలో ఆడవాళ్లు ఏడ్చారు. ముప్పయ్యో నిమిషం నుంచి ఒక్కడు కుర్చీలో లేడు. ముప్పై ఏడులో బావ మూలన తాళ్ల మీదికెక్కి నా మీదికి దూకాడు, నేను పక్కకి తప్పుకున్నాను, అదీ అనుకున్నదే. ఆ తర్వాత నీకు తెలిసిందే, నలభై ఐదులో బావ నన్ను పడేసి గెలిచాడు. ఇప్పటికీ ఎవరైనా నా మొహం గుర్తుపట్టి ఆ ఆట గురించే అడుగుతారు.

డాక్టర్లు ఊరికే చెప్పరమ్మా. వాళ్ల మాట విను. నువ్వు వేళకి తింటున్నావా?

అన్నయ్య

*

ఆసుపత్రి, రెండో అంతస్తు
ఏప్రిల్ 1

అన్నయ్యా,

నేను నిన్ను రమ్మని ఏడిస్తే నువ్వు నాకు చెప్పుల కథ రాశావు. బాగుంది. నవ్వాను కూడా, అబద్ధమెందుకు. ఉత్తరం పూర్తయ్యాక మాత్రం ఒళ్లు మండింది.

ముప్పై ఏడు దాకా నిమిషం నిమిషం రాశావు. అక్కణ్నుంచి ఒక్క గెంతు గెంతి నలభై ఐదులో పడ్డావు. మధ్యలో ఎనిమిది నిమిషాలు ఏమయ్యాయి? జనం చెప్పుకునేది ఆ ఎనిమిది నిమిషాల గురించే కదా. చావు దాకా వెళ్లి లేచొచ్చాడని, మనిషన్నవాడు అలా పోరాడలేడని నర్సమ్మ వాళ్ల నాన్న ఇప్పటికీ చెబుతాడట.

నేను ఆ క్యాసెట్టు పద్నాలుగుసార్లు చూశాను. చేయడానికి ఇంకేం పనుంది నాకు? ముప్పై ఎనిమిదో నిమిషంలో ఆయన బోర్లా పడి ఉంటాడు. నువ్వు మీదికి వంగి మెడ నులుముతున్నట్టు నటిస్తావు. ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంటావు. అక్కడ చాలాసేపు ఆగిపోతావు. నటించేవాడివి అంతసేపు ఆగవు. తల ఎత్తి జనాన్ని చూస్తావు. ఆ తర్వాత ఆయన్ని లేపి, తలకిందులుగా ఎత్తి వేస్తావు. అక్కణ్నుంచి మా ఆయన మా ఆయనలా లేడు. పెళ్లికి ముందు నుంచీ ఆ ఒంటికి పదకొండేళ్లు నిక్కర్లు కుట్టినదాన్ని, ఆ నడుము ఎటు తిరుగుతుందో నాకు తెలీదా? నువ్వు తోస్తే కదులుతున్నాడు, లాగితే వస్తున్నాడు. ఆఖర్న నీ మీద పడి గెలిచాడంటారే, నువ్వే కింద పడుకుని ఆయన చెయ్యి తీసి నీ గుండెల మీద వేసుకున్నావు.

ఆటయ్యాక స్నానాలగదిలో కాలు జారి మెడ విరిగిందని నాకు చెప్పారు, ఇద్దరూ ఒకే మాట మీద. ఆ మెడతోనే ఆట మానేసి డ్రిల్లు మాస్టారయ్యాడు, ఇరవై ఆరేళ్లు తలనొప్పితో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నువ్వేమో ఆ నెలలోనే ఊరు వదిలావు. మోకాళ్లన్నావు. నేను నమ్మాను.

నిజం చెప్పు. ఆ చేతిని పట్టుకుని ఏమడిగావు? ఆయన ఏం చెప్పాడు? నేను కాగితం ఇంకా రాసివ్వలేదు. డాక్టరు రోజూ అడుగుతున్నాడు. నీ జవాబు కోసమే ఆపాను, ఆ దేవుడి కోసం కూడా కాదు.

నీ చెల్లెలు

*

లాండ్రీ వెనక గది
ఏప్రిల్ 12

చెల్లీ,

చేయి పట్టుకుని బాగున్నావా అని అడిగాను. బావ నొక్కాడు. నొక్కితే బాగున్నానని అర్థం. అందుకే ఆట సాగించాను. స్నానాలగది సంగతి నిజమే.

ఒకటి చెబుతాను. చెయ్యి నొక్కినంత మాత్రాన ఏమీ లేదమ్మా. దెబ్బ తిన్నవాడి పిడికిలి దానంతటదే ముడుచుకుంటుంది, నేను చాలామందిని చూశాను. డాక్టరు చెప్పింది నిజం. అనవసరంగా ఆశ పెట్టుకుని ఆయన్ని బాధపెట్టకు. రాసిచ్చెయ్. నేను వచ్చినా ఇంతకంటే చెప్పేదేం లేదు.

అన్నయ్య

*

ఆసుపత్రి
ఏప్రిల్ 24

అన్నయ్యా,

రాసిచ్చాను. గొట్టం వద్దని సంతకం పెట్టాను. నీ మాట విన్నాను, సంతోషమేనా?

సంతకం పెడుతున్నంతసేపూ నా ఎడమ చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. ఏడుపాపుకోలేక మూడుసార్లు గట్టిగా పిసికాను. ఆయన వేళ్లు నాలుగుసార్లు ముడుచుకున్నాయి. నరాలే, నువ్వూ డాక్టరూ చెప్పారుగా. ఆ నరాలు నన్ను పిచ్చిదాన్ని చేసేలా ఉన్నాయని చెయ్యి లాక్కున్నాను. అప్పట్నుంచీ మళ్లీ పట్టుకోలేదు. మంచానికి అవతలి పక్క, పని చెయ్యని చెయ్యి దగ్గర కూర్చుంటున్నాను. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన చెయ్యి విదిలించుకోవడం ఇదే మొదలు.

నిన్నటి నుంచి జ్వరం మళ్లీ మొదలైంది.

నీ చెల్లెలు

*

లాండ్రీ వెనక గది
ఏప్రిల్ 26

చెల్లీ,

ఆ కాగితం చించెయ్. ఈ ఉత్తరం చేతికందిన క్షణం డాక్టరు దగ్గరికి పరుగెత్తి చించెయ్. బావ లోపలే ఉన్నాడు. ముందు ఆ పని చేసి, తర్వాత మిగతాది చదువు.

పొద్దున ఆసుపత్రికి ఫోను చేశాను. నిన్ను పిలిచారు. నీ "హలో" వినగానే పెట్టేశాను. వద్దామంటే నీకు మొహం చూపించే ధైర్యం లేదు. సగం ఊరు మీద ఉమ్మేసి దర్జాగా నడిచిన కొరివిగాణ్ని, చెల్లెలి ముందు నిలబడలేను. అందుకే రాస్తున్నాను. రేపటికల్లా అందేలా మనిషి చేత పంపిస్తున్నాను.

మా పని రహస్యం ఇది. గోదాలో ఎవరైనా ఒక్క నొక్కుతో బాగున్నానని చెప్పుకుంటారు. మేం దాన్ని నమ్మేవాళ్లం కాదు, స్పృహ లేని పిడికిలి కూడా ముడుచుకుంటుందని మాకు తెలుసు. అందుకని బావే ఒక లెక్క పెట్టాడు. అడిగేవాడు ఎన్నిసార్లు నొక్కితే, చెప్పేవాడు దానికి ఒకటి కలిపి నొక్కాలి. ఒకటికి రెండు. రెండుకి మూడు. నరాలకి కూడికలు రావు కదా, లెక్క సరిపోతే మనిషి లోపల ఉన్నట్టే. ఇక నావల్ల కాదు, ఆపు అనాలంటే అరచెయ్యి విప్పి వదిలేయాలి. లెక్క తప్పినా, చెయ్యి విప్పినా రెండోవాడు అక్కడికక్కడ రిఫరీకి సైగ చేసి ఆట ఆపించాలి. ఇది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.

నీ మొదటి ఉత్తరంలోనే రాశావు, ఒకటి నొక్కితే రెండు నొక్కుతున్నాడని. డాక్టరు ఒకటి నొక్కమంటే రెండు నొక్కాడని. ఒకటి నొక్కమన్నప్పుడు ఒకటే నొక్కితే తనేనని ఎవరూ నమ్మరని బావ అనుకుని ఉంటాడు. పాపం, మొండిగా లెక్క చెబుతూనే ఉన్నాడు. మార్చి ఏడో తారీకున, ఆ ఉత్తరం చేతికందిన పూటే నాకు తెలిసిపోయింది.  యాభై రోజులు దాచాను.

ఎందుకు దాచానో కూడా చెబుతాను. ఈ లెక్క నీకు చెబితే, నువ్వు వెళ్లి ఆ క్యాసెట్టు పెట్టి ముప్పై ఎనిమిదో నిమిషంలో నా వేళ్లు చూస్తావు. రెండుసార్లు నొక్కాను. మూడు రావాలి. రాలేదు. బావ పిడికిలి ఒక్కసారి ముడుచుకుని అలాగే ఉండిపోయింది. మళ్లీ రెండుసార్లు నొక్కాను. అంతే. తాళ్ల మీంచి పడ్డప్పుడే స్పృహ పోయిందని నాకు ఖాయంగా తెలిసింది.

తల ఎత్తి జనాన్ని చూశానన్నావే, నిజం. అప్పటిదాకా పదకొండేళ్లుగా జనం నన్ను తిట్టడానికే లేచారు. ఆ నిమిషంలో ఆట కోసం లేచారు. రేకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు అరుస్తున్నారు. చెయ్యి ఎత్తి సైగ చేస్తే అదంతా ఆగిపోతుంది. నాకు ఆగడం ఇష్టం లేకపోయింది చెల్లీ. ఎత్తాను. తెలిసే ఎత్తాను. ఆ పట్టులో కిందికి వచ్చేటప్పుడు పడేవాడు తనే గడ్డం గుండెకి ఆనించుకోవాలి, లేకపోతే మెడ మీద పడతాడు. స్పృహ లేనివాడు ఎలా ఆనించుకుంటాడు? విరిగిన చప్పుడు నా భుజానికి తెలిసింది. అప్పుడు భయం పుట్టింది. అప్పుడు కూడా ఆపలేదు, ఆపితే ఎందుకు ఎత్తావని అడుగుతారు. మిగతా ఆరు నిమిషాలూ పిండిబొమ్మలా బావని మోసి, నా మీద పడేసుకుని గెలిపించాను. దాన్నే జనం గొప్ప ఆట అంటున్నారు.

బట్టలు మార్చుకునే గదిలో కళ్లు తెరిచి బావ అడిగిన మొదటి మాట, "మన ఆట మొదలయ్యే టైమైందా?" అని. నెల తర్వాత క్యాసెట్టు చూశాడు. నా వేళ్లు లెక్కపెట్టాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. "చెల్లికి చెప్పకు. దానికి ఉన్నదే మనిద్దరం" అన్నాడు. స్నానాలగది కథ అల్లింది ఆయనే. నేను ఊరు వదిలింది మోకాళ్ల వల్ల కాదు, ఆ మంచితనాన్ని రోజూ చూడలేక.

అప్పుడు ఒకసారి లెక్క తెలిసీ చంపబోయాను. ఇప్పుడు మళ్లీ అదే పని చేశాను, ఈసారి నీ చేత సంతకం పెట్టించి. నన్ను ఏమైనా అను. ముందు ఆ చెయ్యి పట్టుకో.

అన్నయ్య

*

ఆసుపత్రి
మే 2

కాగితం చించాను. నాలుగో రోజున మళ్లీ రాసిచ్చాను. ఎందుకో చెబుతాను, విను.

నీ ఉత్తరం చదివి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలియాలని పైకి లెక్కపెట్టాను. ఒకటి నొక్కితే రెండు. రెండు నొక్కితే మూడు. నాలుగు నొక్కాను. ఆయాసపడుతూ, ఆగి ఆగి ఐదు నొక్కాడు. నేను పెట్టిన కేకకి నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. డాక్టరు వచ్చి నమ్మలేదు. తనే ఐదు నొక్కాడు. ఆరు వచ్చాయి. ఆ మనిషి స్టూలు మీద కూలబడి తల పట్టుకున్నాడు. నెల ముందు తెలిసి ఉంటే ఏం చేసేవారని అడిగాను. మాట కోసం, కాళ్ల కోసం కసరత్తు మొదలుపెట్టేవాళ్లమన్నాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదన్నాడు. ఈ యాభై రోజులూ ఆయన నాకూ, నర్సులకూ, ఒళ్లు తుడిచే ఆయాకి కూడా లెక్క చెప్పుకున్నాడు అన్నయ్యా. అందరం నరాలన్నాం. నేను చెయ్యి లాక్కున్నాను. ఆ రోజు ఆయనకి ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

తర్వాత నేనే మాటలు పెట్టాను. ఔనంటే ఒకటి కలిపి నొక్కమన్నాను, కాదంటే చెయ్యి విప్పమన్నాను. నన్ను గుర్తుపట్టావా అంటే నొక్కాడు. నొప్పిగా ఉందా అంటే నొక్కాడు. గొట్టం సంగతి దాచకుండా చెప్పాను. వేస్తే ఊపిరి ఉంటుంది, ఇలాగే పడుకుని ఉంటావు, వెయ్యమంటావా అని అడిగాను. అరచెయ్యి విప్పాడు. నేను ఒప్పుకోలేదు. రోజుకోసారి చొప్పున మూడు రోజులు అడిగాను. ఆఖరి రోజు ఆ వేళ్లు నేనే నా చేతులతో మూసి గట్టిగా పట్టుకున్నాను. వదలగానే మళ్లీ విప్పాడు. నువ్వు ఆపాల్సిన ఆటని ఇప్పుడు నేను ఆపాల్సి వచ్చింది.

నీ సంగతీ అడిగాను. అన్నయ్య తెలిసే ఎత్తాడు, నీకు తెలుసుగా అంటే నొక్కాడు. మరి నాకెందుకు చెప్పలేదని గొంతు చించుకున్నాను, దానికి నొక్కుల్లో జవాబు ఉండదు కదా. అన్నయ్య రావాలా అని అడిగాను. ఒకటి నొక్కాను. రెండు నొక్కాడు, ఆపకుండా ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. చివరికి నేనే ఆ చెయ్యి దుప్పటి మీద పెట్టాను.

కాబట్టి రా. పిలుస్తున్నది ఆయన, నేను కాదు. ఈ వారం దాటుతుందన్న నమ్మకం డాక్టరుకి లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా లోపలికి పంపిస్తారు. చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లు. ఎడమ పక్క కూర్చో. మూడు కంటే ఎక్కువ నొక్కకు, అలసిపోతున్నాడు. నువ్వు ఉన్న ఆ రెండు గంటలూ నేను కింద వరండాలో బెంచీ మీద ఉంటాను. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నా ముందు నుంచే నడవాలి, వేరే దారి లేదు. నన్ను పలకరించకు.